వేలాడే కొసలు

ఆ వీధిలో ఆమెను దారాలక్క అంటారు. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. ఎవరి బట్టల మీదైనా దారం కొస వేలాడుతుంటే ఆమె చెయ్యి ఊరుకోదు. బస్సు కోసం నిలబడ్డ మనిషి వెనక్కి వెళ్ళి, అడక్కుండా, చిన్న కత్తెరతో టిక్కుమనిపించి వచ్చేస్తుంది. ఆ మనిషికి తెలియను కూడా తెలియదు. కత్తెర నాడాకు కట్టి మెడలో ఉంటుంది. ముప్ఫై ఏళ్ళుగా అక్కడే ఉంది.

కొత్త బట్టలు కుట్టదు. ఎవరో కుట్టినవాటిని మనిషికి సరిపోయేట్టు చేస్తుంది. వదులైనవి బిగిస్తుంది, బిగుతైనవి వదులు చేస్తుంది, పొడవైనవి కురచ చేస్తుంది. కురచ చేసేటప్పుడు మాత్రం గుడ్డ కత్తిరించదు. లోపలికి మడిచి కుడుతుంది. మనుషులు మారతారు, గుడ్డ ఉండాలి, అంటుంది. ఈ నియమం ఒక్కసారే తప్పింది.

దుకాణం అంటే ఒక గది. వీధివైపు కిటికీ, కిటికీ కింద మిషను, గోడకు మేకులు, మేకులకు బట్టలు. ప్రతి బట్టకూ గుండుసూదితో గుచ్చిన కాగితం: నడుము రెండు వేళ్ళు, చేతులు ఒక వేలు. ఆ గది వెనక ఆమె వండుకునే, పడుకునే గది. దాని వెనక నాలుగంగల పెరడు, ఇటుక గోడ, గోడకు ఇనుప జాలీ. జాలీ కింద కుండీ. కుండీలో అమ్మ తీగ.

అది మైనపు పూల తీగ. అమ్మ ఉన్నప్పుడు అద్దె ఇంటి వరండాలో స్తంభానికి పాకి ప్రతి వేసవిలో పూసేది. గుత్తులుగా లేత గులాబి నక్షత్రాలు, ఒక్కోదాని మధ్య ఎర్రటి చుక్క. ఎవరో మైనంతో చేసి అతికించారనిపించేది. పగలంతా ఏమీ తెలిసేది కాదు. సాయంత్రం కాగానే వాసన. "వాసన మొదలైంది, ఇక లోపలికి రండి" అని అమ్మ వీధిలోకి కేకేసేది. ఆడుకునే అక్కాచెల్లెళ్ళకు అదే గడియారం.

అమ్మ పోయాక ఆ ఇల్లు ఖాళీ చేశారు. చెల్లెలు జానెడు తీగ తుంచి పాత రంగు డబ్బాలో పెట్టుకుని వచ్చింది. అక్క తీసుకొచ్చింది అమ్మ కోటు. ముదురు నీలం ఊలు కోటు, అమ్మకు మడమల దాకా ఉండేది. అమ్మ పొడుగు మనిషి. చెల్లెలు అమ్మ భుజం దాకా కూడా రాదు. ఆ కోటు వేసుకుంటే అంచు నేల ఊడ్చేది. అయినా చలికాలమంతా అలాగే తిరిగింది.

వేసవిలో అక్క ఆ కోటు తీసింది. చెప్పకుండా చేసి పెడితే సంతోషిస్తుందనుకుంది. ఊలు దళసరి. లోపలికి మడిస్తే అంచు లావుగా ఉబ్బుతుంది. చాలాసేపు ఆలోచించి కత్తిరించింది. జానెడు.

చెల్లెలు వేసుకుని అద్దంలో చూసుకుంది. తర్వాత కిందికి చూసింది.

"మిగతాది ఏదీ?"

"కత్తిరించాను. ఇప్పుడు చూడు, నీకోసమే కుట్టినట్టుంది."

"నాకోసం కుట్టింది కాదుగా అక్కా. అమ్మది."

"అయితే? నేల మీద ఈడ్చుకుంటూ తిరుగుతావా?"

"తిరుగుతాను. నా ఇష్టం. నా జుట్టు నువ్వే కత్తిరించావు. నా మాట సగంలో ఉండగానే నువ్వే కత్తిరిస్తావు. నేనెక్కడ ఆగాలో ప్రతిసారీ సుద్ద పట్టుకుని నువ్వే గీత గీస్తావు."

"అంత మాటన్నావూ..."

"చూశావా? ఇంకా పూర్తి చెయ్యనేలేదు."

నెల తిరక్కముందే చెల్లెలు సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో పని చూసుకుంది. పడవల రేవులో టికెట్లు ఇచ్చే పని. రైల్లో అయిదు గంటల దూరం. వెళ్ళేరోజు అక్క పెరటి గుమ్మంలో నిలబడి, మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగింది. చెల్లెలు సంచి భుజానికి వేసుకుంటూ రంగు డబ్బాలో తీగ వైపు చూసింది.

"అది పూసినప్పుడు కబురు పెట్టు. వస్తాను."

పదకొండేళ్ళు. తీగ పూయలేదు. కబురు వెళ్ళలేదు.

ఏడాదికి రెండు ఉత్తరాలు నడిచాయి. వానలు, మోకాళ్ళు, పళ్ళనొప్పి. చెల్లెలు ఉత్తరం చివర ఫోను నంబరు ఉండేది. అక్క ఎప్పుడూ చెయ్యలేదు. చెల్లెలు ఏ ఉత్తరంలోనూ తీగ సంగతి అడగలేదు. అలిగి అడగడం లేదనుకుంది దారాలక్క. రమ్మని రాద్దామని రెండుసార్లు కాగితం ముందు కూర్చుంది. పువ్వు లేకుండా రమ్మనడానికి మొహం చెల్లలేదు. వానల గురించి రాసి కవరు అంటించింది.

పొద్దున్నే తలుపు తియ్యగానే ముందు తీగను చూసేది. మిషను మీద ఉన్నప్పుడు వీధిలో ఎవరిదైనా పొట్టి అడుగుల చప్పుడు వినిపిస్తే పాదం ఆగిపోయేది. చప్పుడు దాటిపోయాక మళ్ళీ తొక్కేది.

తీగకు చెయ్యని సేవ లేదు. పక్క రొట్టెల దుకాణం ఆమె గుడ్డు పెంకులు వెయ్యమంటే వేసింది. ఒకరు టీ ఆకు వెయ్యమన్నారు, ఇంకొకరు పాలగిన్నె కడిగిన నీళ్ళు పొయ్యమన్నారు. అన్నీ చేసింది. ఎండలోకి జరిపింది, నీడలోకి జరిపింది. ఎదిగే పిల్లకు వదులు బట్టలు కుట్టినట్టు రెండేళ్ళకోసారి పెద్ద కుండీలోకి మార్చింది. ఆకులు దళసరిగా, నిగనిగలాడుతూ వచ్చేవి. పువ్వు లేదు.

వేసవి రాగానే తీగ పొడవాటి కొసలు వదిలేది. వాటికి ఆకులుండవు. గోధుమరంగు, దారం లావు, గాలికి ఊగుతూ ఉంటాయి. చూస్తే ఎండిపోయిన పుల్లలే. దారాలక్క నీళ్ళు పోసి, ఒక్కో కొసనూ వేళ్ళ మధ్య పట్టుకుని, మెడలోని కత్తెరతో టిక్కుమనిపించేది. పెరడు శుభ్రంగా ఉండేది.

ఆమె బట్టలు సరిచేసేవాళ్ళలో పార్కు తోటమాలి ఒకడు. అరవై దగ్గరపడ్డవాడు. మోకాళ్ళ మీద కూర్చుని చేసే పని కాబట్టి నెలకో ప్యాంటు మోకాలి దగ్గర చిరుగుతుంది. ఒక వేసవి మొదట్లో అతను వచ్చేసరికి దుకాణంలో ఎవరూ లేరు. పిలిస్తే పెరట్లోంచి పలికింది. అతను లోపలికి వెళ్ళి పెరటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నావు చెల్లెమ్మా?"

"కనిపించట్లా? ఎండు పుల్లలు తీసేస్తున్నా. ప్యాంటు బల్ల మీద పెట్టి వెళ్ళన్నా. ఎల్లుండి రా."

అతను వెళ్ళలేదు. వంగి, కిందపడ్డ కొస ఒకటి తీశాడు. తెగినచోట తెల్లటి చుక్క పొంగుతోంది.

"ఎండినదానికి పాలుంటాయా?"

దారాలక్క చూసింది. పదకొండేళ్ళలో ఆమె తెగి పడ్డవాటి వైపు చూడలేదు. ఎప్పుడూ మిగిలినదాన్నే చూసింది, సాపుగా ఉందా లేదా అని.

"ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నావీ పని?"

"వచ్చినప్పటి నుంచీ."

"ఎప్పుడైనా పూసిందా?"

"లేదు."

"ఎట్లా పూస్తుంది తల్లీ? పువ్వు వచ్చేది వీటి మీదే. ముందు ఇలా ఉత్త కొస వదుల్తుంది. పాకడానికి చోటు వెతుక్కుంటుంది. చోటు దొరికాక ఆకులు వేస్తుంది. ఆ తర్వాత దానికి బుద్ధి పుట్టినప్పుడు పువ్వు. నువ్వేమో వెతుక్కుంటున్నప్పుడే చెయ్యి నరికేస్తున్నావు."

"అందర్నీ అడిగాను. ఎవరూ చెప్పలేదు."

"ఏం అడిగావు?"

"ఏం వెయ్యాలని."

"అలా అడిగితే వెయ్యమనే చెబుతారు మరి." కుండీ చుట్టూ ఒక తిరుగు తిరిగాడు. "ఇంత కుండీ ఏంటి? ఇందులో నేను కూర్చోవచ్చు."

"ఎదుగుతుందని."

"వదులైతే ఇది వేళ్ళు పెంచుకుంటూ కూర్చుంటుంది. దీనికి బిగుతుగా ఉండాలి. బిగుతు సంగతి నీకు నేను చెప్పాలా?"

ఆమె నవ్వలేదు.

"ఇప్పుడేం చెయ్యాలి?" అంది.

"చిన్న కుండీలోకి ఒక్కసారి మార్చి, ఇక జరపకు, తిప్పకు, కొయ్యకు. అదీ పని. చేతనవుతుందా?"

తోటమాలి వెళ్ళాక ఆమె కొసలన్నీ ఏరింది. ఏడు. బల్ల మీద పక్కపక్కన పేర్చింది. ఏడాదికి ఏడెనిమిది చొప్పున పదకొండేళ్ళు. చెల్లెలు రావడం అనేది వీటి మీద ఉంది. తనే కత్తిరించింది. ఆ సాయంత్రం మిషను దగ్గర కూర్చుంది గానీ సూదిలో దారం ఎక్కించలేదు.

మర్నాడే తీగను చిన్న కుండీలోకి మార్చింది. ఆ వేసవి చివర అది మళ్ళీ మూడు కొసలు వదిలింది. దారాలక్క పెరట్లోకి వెళ్ళేముందు కత్తెర మెడలోంచి తీసి దుకాణంలో మేకుకు తగిలించడం మొదలుపెట్టింది. అయినా చేతులు ఊరుకునేవి కావు. వెనక్కి కట్టుకుని నిలబడేది. రొట్టెల దుకాణం ఆమె గోడమీద నుంచి చూసి, "ఏంటక్కా, తీగ నిన్ను అరెస్టు చేసిందా?" అని నవ్వేది.

ఒకరోజు ఒకాయన నల్లకోటు తెచ్చాడు. ఎవరో పోయారు, గంటలో కావాలి. నలుపు మీద నల్లదారం గదిలో కనిపించదు. వెలుతురు కోసం కోటు పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. తొందరలో కత్తెర మెడలోనే ఉంది. కోటు అంచు వెంట దారాలు ఒక్కొక్కటీ తీస్తూ వచ్చింది. టిక్, టిక్, టిక్. నాలుగోది మెత్తగా తెగింది. వేలికి పాలు అంటుకున్నాయి.

తోటమాలి వచ్చినప్పుడు చెప్పింది.

"ఒకటి పోయిందన్నా."

"ఎవరు కోశారు?"

"చెయ్యి."

"మరి చేతికేం శిక్ష వేశావు?"

"రెండు రోజులు మిషను ముట్టుకోనివ్వలేదు."

"అదా సంగతి! దాని శిక్ష నా ప్యాంటు కూడా అనుభవించిందన్నమాట."

రెండోదాన్ని గాలివాన విరిచింది. మిగిలింది ఒక్కటి. అది జాలీ అందుకోవడానికి నెల తీసుకుంది. గాలికి ఒక్కోసారి దాని దాకా వచ్చి వెళ్ళిపోయేది. ఆమె పట్టుకుని చుట్టబెట్టాలనుకునేది. ఊరుకునేది. ఒక పొద్దున చూస్తే జాలీ కమ్మీకి అదే ఒక చుట్టు చుట్టుకుని ఉంది. చలి మొదలయ్యేలోపు రెండు జతల ఆకులు వేసింది. చలికాలమంతా కదల్లేదు. ఆమె కూడా కదపలేదు.

మరుసటి వేసవిలో ఆకు మొదట్లో చిన్న కాడ పుట్టింది. కాడ చివర గుండుసూది తలలంత మొగ్గలు. లెక్కపెట్టింది. ఇరవై రెండు. వారానికి అవి అయిదు మూలలుగా సాగాయి. ఆమె జీవితంలో ఎన్నో రకాల గుండీలు చూసింది. ఇలాంటివి చూడలేదు.

విచ్చుకోవడం ఆమె చూడలేదు. సాయంత్రం మిషను మీద ఒక గౌను అంచు కుడుతోంది. వెనక గది దాటి వాసన వచ్చింది. పాదం ఆగింది. ఎవరో లోపలికి రమ్మని పిలుస్తారని కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత లేచి ఉత్తరాల కట్ట తీసి నంబరు వెతికింది.

"హలో."

గాలి. దూరంగా పడవ కూత.

"నేనే."

"అక్కా? ఏమైంది? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. పూసింది."

"ఏంటీ?"

"అమ్మ తీగ. ఇరవై రెండు పూలు."

"అమ్మ తీగా! అది ఇంకా బతికే ఉందా?"

దారాలక్క గోడకు ఆనుకుంది.

"నువ్వే అన్నావుగా. పూసినప్పుడు కబురు పెట్టు, వస్తానని."

అవతల పడవ మళ్ళీ కూసింది.

"నేనన్నానా?"

"సంచి భుజానికి వేసుకుంటూ అన్నావు."

"గుర్తులేదక్కా. ఆరోజు నోటికేదొస్తే అది అనుంటాను." గొంతు కొంచెం తగ్గింది. "నువ్వెక్కడైనా రమ్మని రాశావేమోనని ప్రతి ఉత్తరం రెండుసార్లు చదివేదాన్ని. వానల గురించి రాసేదానివి."

"నువ్వూ వానల గురించే రాసేదానివి."

"నువ్వు రాస్తే నేనూ రాశాను."

దారాలక్క ఫోను ఒక చెవి మీంచి ఇంకో చెవికి మార్చుకుంది.

"రా" అంది.

"వస్తా. కానీ ఇప్పుడు రద్దీ, రేవులో కాలు పెట్టే చోటు లేదు. ఇరవై రోజుల దాకా సెలవివ్వరు. ఉంటాయా పూలు?"

"ఉంటాయి."

ఉంటాయో లేదో ఆమెకు తెలియదు. మర్నాడే పార్కుకు వెళ్ళి తోటమాలిని అడిగింది. అతను చేతుల మట్టి దులుపుకున్నాడు.

"పన్నెండు రోజులు. బాగా ఉంటే పదిహేను."

"ఇరవై కావాలన్నా."

"అది ప్యాంటు కాదు చెల్లెమ్మా, పొడుగు చెయ్యడానికి." ఆమె మొహం చూసి నవ్వు ఆపాడు. "ఒక్కటి గుర్తుపెట్టుకో. పూలు రాలాక ఆ కాడ ఉంటుంది. మోడులా, చూడబుద్ధి కాదు. దాన్ని మాత్రం కొయ్యకు. పూసిన కాడే మళ్ళీ పూస్తుంది."

పూల కింద తెల్లగుడ్డ పరిచింది. పన్నెండో రోజు రెండు పూలు రాలాయి. పదమూడో రోజు ఆరు. వాడిపోకుండా, నక్షత్రం నక్షత్రంగానే, గుడ్డ మీద బోర్లా. పదహారో రోజు సాయంత్రం వాసన లేదు.

చెప్పకపోతే చెల్లెలు వస్తుంది. చెబితే, రద్దీలో సెలవు ఎందుకని మానుకోవచ్చు. దారాలక్క ఆ పూట రెండు ప్యాంట్ల అంచులు మడిచింది. మూడోది చేతిలోకి తీసుకుని పక్కన పెట్టేసింది. ఫోను తీసి ఒక్కో అక్షరం వెతికి నొక్కింది. పూలు రాలిపోయాయి. పంపింది.

జవాబు రాలేదు. పొద్దున కూడా రాలేదు. రొట్టెల దుకాణం ఆమె పలకరిస్తే పరధ్యానంగా తలూపింది. మధ్యాహ్నం ఫోను మోగింది. తెరమీద ఒకే వరుస ఉంది. సెలవు దొరికింది, నాలుగో తేదీ, రైలు పదకొండున్నరకు.

నాలుగో తేదీ పొద్దున్నే దారాలక్క పెరట్లో నీళ్ళు పోసి, దుకాణం మూసి, పదిన్నరకే స్టేషనుకు వెళ్ళింది.

రైలు దిగినవాళ్ళలో ముందు గుర్తుపట్టలేదు. చెల్లెలు జుట్టు నడుం దాకా పెంచుకుంది. సగానికి పైగా నెరిసింది. ఎండకు మొహం నల్లబడింది. పొట్టి అడుగులు మాత్రం అవే. ఎదురుగా వచ్చి నిలబడింది. దారాలక్క చూపు చెల్లెలి చొక్కా చేతి అంచు మీద పడింది. వేలెడు దారం వేలాడుతోంది.

"చూశావుగా" అంది చెల్లెలు.

"ఏంటి?"

"ఏం తెలియనట్టు! దిగినప్పటి నుంచీ దాన్నే చూస్తున్నావు."

"నేనేం చూడట్లా."

"అయిదు గంటలు అది ఊగుతుంటే చూస్తూ వచ్చాను. పీకెయ్యొచ్చు. నీకోసమే వదిలేశాను. ఇంటికెళ్ళాక కత్తిరిద్దువుగాని, పద."

పెరట్లో చెల్లెలు కాడ దగ్గర వంగి చూసింది. వేలి గణుపు అంత పొడవు. కొసన పూలు రాలిన గరుకు.

"ఇదేనా?"

"ఇదే."

"దీన్ని చూడ్డానికి నాలుగు రోజులు సెలవు అడిగి ఒకటి తెచ్చుకున్నాను." నవ్వి, కింద మెట్టు మీద కూర్చుంది. "ఇక్కడ ఇంకా అమ్మ ఇంటి వాసన ఉంటుందనుకున్నా. నీ ఇస్త్రీ వాసన వస్తోంది."

దారాలక్క లోపలికి వెళ్ళి ఒక రేకు డబ్బా తెచ్చింది. మూత తీసింది. అందులో ముదురు నీలం ఊలు గుడ్డ, జానెడు వెడల్పు, చుట్ట చుట్టి ఉంది.

"పారెయ్యలేదు" అంది. "కోటు తెస్తే మళ్ళీ కలుపుతాను. అతుకు కనిపిస్తుంది. కనిపించినా..."

"కోటు లేదక్కా."

దారాలక్క చేతిలో మూత అలాగే ఉంది.

"మూడేళ్ళయింది. చలికాలం, చివరి పడవ తప్పిపోయి ఒకామె రేవులో వణుకుతూ కూర్చుంది. నాకేం తోచలేదు. తీసి కప్పాను. మళ్ళీ అడగాలనిపించలేదు."

దారాలక్క మూత మెట్టు మీద పెట్టింది. గోడవతల రొట్టెల పళ్ళేలు కడుగుతున్న చప్పుడు.

"ఆమెకు సరిపోయిందా?" అంది దారాలక్క.

చెల్లెలు తలెత్తి చూసింది. నవ్వు ఆపుకుంది. "సరిపోయింది. నాకంటే పొట్టి. ఆమెకు సరిగ్గా మడమల దాకా వచ్చింది."

గుడ్డ చుట్ట తీసి ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళతో దాని వెడల్పు కొలిచింది. తర్వాత జాలీ వైపు చూసింది. ఆ ఏడాది కొత్త కొస ఒకటి మూరెడు పొడవు గాలిలో ఊగుతోంది.

"అదేంటి, ఎండిపోయినట్టుంది. తీసెయ్యకపోయావా?"

"ముట్టుకోకు!"

కేకకు చెల్లెలు ఉలిక్కిపడింది. దారాలక్క తోటమాలి చెప్పిందంతా చెప్పింది. పదకొండేళ్ళు తను చేసిందీ చెప్పింది, ఏడు కొసలు బల్ల మీద పేర్చిన రోజు దాకా. చెల్లెలు మధ్యలో మాట్లాడలేదు. అంతా విన్నాక లేచి, ఆ నీలం గుడ్డ అంచునుంచి సన్నటి పేలిక చింపింది.

"జాలీ దీనికి అందట్లేదు. కట్టనా? ఊలు, కోసుకోదు."

"వదులుగా కట్టు."

చెల్లెలు కట్టింది. ముడి వంకరగా పడింది. దారాలక్క చెయ్యి లేచి సగంలో ఆగింది.

"బాగుందా?" అంది చెల్లెలు, వెనక్కి చూడకుండా.

"నీ ఇష్టం."

మర్నాడు పొద్దున్నే రేవులో పని. ఆ సాయంత్రం బండికే వెళ్ళాలి. స్టేషనులో చెల్లెలు కిటికీ దగ్గర చోటు చూసుకుని కూర్చుంది. అక్క ప్లాట్‌ఫారం మీద నిలబడింది. బండి కదిలే వేళకు చెల్లెలు చెయ్యి బయటికి చాపింది. చొక్కా అంచున దారం.

"మర్చేపోయాం. ఊఁ, కానియ్."

దారాలక్క మెడ తడుముకుంది. కత్తెర లేదు. పొద్దున నీళ్ళు పోసేముందు మేకుకు తగిలించింది.

"ఇంట్లో ఉండిపోయింది" అంది.

"సరే. ఉండనీ అయితే." చెల్లెలు చెయ్యి లోపలికి తీసుకోలేదు. "అక్కా, ఈసారి పూయకపోయినా పిలువు."

బండి కదిలింది. దారాలక్క కాస్త దూరం పక్కనే నడిచింది. ఆ చెయ్యి చిన్నదైపోయేదాకా చూసింది. దారం అంతకుముందే కనిపించడం మానేసింది. అయినా ఎంత పొడవుందో ఆమెకు తెలుసు.